పొరపాటుకు ఛార్జిషీటు మందు కాదు

ఇటీవలి కాలంలో మన కార్యాలయాలకు వస్తున్న సర్క్యులర్లలో ఒక మాట తరచుగా కనిపిస్తున్నది. కంప్యూటరు భద్రతకు అసలు ముప్పు ఉద్యోగి అజాగ్రత్తయే అన్నది ఆ మాట. దాని క్రింద చేయరాని పనుల జాబితా ఒకటి, జాబితా చివర క్రమశిక్షణ చర్య తీసుకొనబడునన్న హెచ్చరిక ఒకటి ఉంటాయి. చదివినట్లుగా ఉద్యోగి సంతకం చేస్తాడు. కాగితం ఫైలులోకి పోతుంది. రేపు ఏదైనా జరిగినప్పుడు ఆ సంతకమే అతనిపై మొదటి సాక్ష్యంగా బయటికి వస్తుంది. ఈ తతంగం వలన భద్రత ఏ మేరకు పెరిగినదన్న ప్రశ్నను మాత్రం ఎవరూ వేయరు. ఆ ప్రశ్న వేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రశ్న చిన్నది కాదు. 1985లో ఢిల్లీలో మొదలైన కంప్యూటరు రిజర్వేషను నేడు దేశమంతటా విస్తరించినది. లక్షా అరవై వేలకు పైగా ఉన్న తపాలా కార్యాలయాలలో, మారుమూల పల్లెలోని బ్రాంచి ఆఫీసుతో సహా, పొదుపు ఖాతా మొదలుకొని పార్సిలు వరకు పని యంత్రం మీదనే నడుస్తున్నది. కోట్లాది సామాన్య ప్రజల కష్టార్జితమూ, చిరునామాలూ, ప్రయాణ వివరాలూ మన చేతుల మీదుగా పోతున్నవి. అవి దొంగల పాలైతే మొదట నష్టపోయేది ఆ ప్రజలే. ఆ తరువాత అందరి వేళ్ళూ చూపేది కౌంటరులో కూర్చున్న మనవైపే.

ఉద్యోగులు పొరపాట్లు చేయరని వాదించడం మన ఉద్దేశం కాదు. చేస్తారు. వెరైజన్ అనే అమెరికన్ టెలిఫోను సంస్థ ఏటా వెలువరించే నివేదిక, తాను పరిశీలించిన భద్రతా భంగాలలో 68 శాతంలో మనుషుల పాత్ర ఉన్నదనీ, అది దుర్బుద్ధితో కూడినది కాదనీ 2024లో తెలిపినది. ఒకరు తప్పు చిరునామాకు జాబు పంపడమో, మరొకరు మోసపు సందేశాన్ని నిజమని నమ్మడమో జరిగినదన్నమాట. ఆ అంకెను కాదనలేము. కాని దాని నుండి ఏమి గ్రహించాలన్న చోటనే మనకూ, సర్క్యులరు వ్రాసిన వారికీ దారులు వేరవుతున్నవి. పొరపాటు చేసినదెవరని వారు అడుగుతున్నారు. ఒక్క పొరపాటుతోనే ఇంత అనర్థం జరిగేలా వ్యవస్థను అమర్చినదెవరని మనం అడగాలి.

రైలు పట్టాలు నేర్పిన పాఠం

ఈ రెండవ ప్రశ్న మనకు కొత్తది కాదు. రైల్వేలు దానిని నూరేళ్ళకు పూర్వమే, ప్రాణాలు మూల్యంగా చెల్లించి నేర్చుకున్నవి. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణం దగ్గర, బడిపిల్లలతో వెళుతున్న విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోయినది. సిబ్బంది వెనుక పెట్టెలను విడదీశారు. అవి పల్లానికి జారి, వెనుక వస్తున్న రైలును ఢీకొనగా సుమారు 80 మంది మరణించారు. అప్పటి బ్రిటిష్ పార్లమెంటు బాధ్యులను వెదకడంతోనే ఆగిపోలేదు. ఆ సంవత్సరమే చట్టం చేసి బ్లాకు పద్ధతినీ, పాయింట్లకూ సిగ్నళ్ళకూ ఇంటర్‌లాకింగునూ, ప్రయాణికుల రైళ్ళకు తమంతట తామే పడే బ్రేకులనూ తప్పనిసరి చేసినది.

ఇంటర్‌లాకింగు సారమేమిటి? లీవరు లాగే మనిషి అలసిపోతాడనీ, ఏమరుతాడనీ ముందుగానే ఒప్పుకోవడం. పాయింటు సరిగా అమరకపోతే సిగ్నలు లీవరు కదలనే కదలదు. సింగిల్ లైను సెక్షనులో ఒక టోకెను బయట ఉండగా రెండవది యంత్రం నుండి రాదు. జాగ్రత్తగా ఉండుమన్న బోర్డు తగిలించి ఊరుకోక, పొరపాటుకు చోటు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. కవచ్ సూత్రమూ ఇదే. లోకో పైలట్ ఎర్ర సిగ్నలును దాటబోతే బండి తనంతట తానే ఆగుతుంది. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలోని గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజనులో కూర్చొని దీనిని పరీక్షించారు. లోకో పైలట్ల మీద అపనమ్మకంతో కవచ్ రాలేదు. ఎంతటి నిపుణుడైనా మనిషే అన్న ఎరుకతో వచ్చినది.

తపాలా శాఖ సంప్రదాయమూ ఇటువంటిదే. సంచికి సీలు, ఖజానా పెట్టెకు ఇద్దరి తాళాలు, రిజిస్టరు ఉత్తరం చేతులు మారిన ప్రతిచోటా ఒక సంతకం. ఎవరినీ అనుమానించడానికి కాదు, ఒకరి ఏమరుపాటును మరొకరి కన్ను పట్టుకోవడానికి మన పూర్వులు వీటిని ఏర్పరచారు. కంప్యూటరు గదిలో అడుగుపెట్టగానే ఈ వివేకాన్నంతా గుమ్మం బయట వదలివేయడం ఎందుకు?

ఒక్కరి తప్పుగా కనిపించినవి

గత దశాబ్దంలో జరిగిన కొన్ని సంఘటనలను పరిశీలిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది.

2023 ఆగస్టు 8న ఉత్తర ఐర్లండు పోలీసు శాఖ, ఏ హోదాలో ఎందరున్నారన్న ఒక పౌరుని ప్రశ్నకు సమాచార స్వేచ్ఛా చట్టం క్రింద జవాబుగా ఒక పట్టికను ఇచ్చినది. పైకి అంకెలు మాత్రమే కనిపించినవి. కాని అదే ఫైలులో దాగియున్న మరొక పుటలో 9,483 మంది అధికారుల, సిబ్బంది ఇంటిపేర్లు, పొడి అక్షరాలు, హోదాలు, పనిచేసే చోట్లు ఉన్నవి. ఫైలు కొన్ని గంటలపాటు లోకమంతటికీ అందుబాటులో ఉన్నది. పోలీసులపై సాయుధ దాడుల చరిత్ర గల ఆ ప్రాంతంలో దాని అర్థమేమిటో చెప్పనక్కరలేదు. ఎవరో ఒక గుమాస్తాను బలి ఇచ్చి చేతులు కడుగుకొనడం సులభమే. కాని తరువాత జరిగిన స్వతంత్ర సమీక్ష, ఇది ఏ ఒక్క వ్యక్తియో, ఏ ఒక్క విభాగమో చేసిన పని ఫలితం కాదని తేల్చినది. 2024లో బ్రిటన్ సమాచార కమిషనరు 7,50,000 పౌండ్ల జరిమానాను సంస్థపైననే విధించారు. బయటికి పోయే ఫైలులో దాగిన పుట ఉన్నదేమో చూసే సులభమైన తనిఖీ ఉన్నట్లయితే ఆ ప్రమాదమే ఉండేది కాదు.

అమెరికాలోని ఈక్విఫాక్స్ సంస్థ నుండి 2017లో సుమారు 14.7 కోట్ల మంది వివరాలు దొంగల పాలైనవి. అప్పటికే పదవి నుండి తప్పుకున్న దాని అధిపతి రిచర్డ్ స్మిత్ అమెరికా కాంగ్రెసు ముందు సాక్ష్యమిస్తూ, మరమ్మతు చేయవలసిన సమాచారాన్ని ఒక ఉద్యోగి సరైన వారికి అందజేయలేదని చెప్పారు. ఇంతటి సంస్థలో ఒకే ఒక ఉద్యోగి! 2018 డిసెంబరులో వెలువడిన ప్రతినిధుల సభ సంఘం నివేదిక మరొక చిత్రాన్ని చూపినది. లోనికి వచ్చిపోయే సమాచారాన్ని కనిపెట్టవలసిన యంత్రం, ఒక ధ్రువపత్రం గడువు తీరిపోయినందున 19 నెలలపాటు ఆ పని చేయలేదు. దొంగలు 76 రోజులు లోపలే తిరిగారు. ఇది పూర్తిగా నివారించదగినదేనని ఆ సంఘం వ్రాసినది. పందొమ్మిది నెలల నిర్లక్ష్యాన్ని ఒక మనిషి మరపు మీద మోపడమంటే ఇదే.

2017 మే 12న వానాక్రై అనే కంప్యూటరు తెగులు నూటయాభై దేశాలను చుట్టినది. జర్మనీ రైల్వే స్టేషన్లలో రాకపోకల బోర్డులు దెబ్బతిన్నవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటికి కూడా అది సోకినది. ఇంగ్లండులోని 236 ఆసుపత్రి ట్రస్టులలో కనీసం 81 ట్రస్టులు ఇబ్బందిపడినవి. మొదట, ఎవరో ఉద్యోగి చూసుకోక ఒక జాబు తెరచి ఉంటారని ప్రచారమైనది. తరువాత తేలినదేమనగా, ఆ తెగులు వ్యాపించడానికి ఎవరూ ఏ జాబునూ తెరవనక్కరలేదు. సరిచేయని యంత్రాలను అది తనంతట తానే వెదకి పట్టుకొన్నది. ఆ లోపాన్ని సరిచేసే మందును మైక్రోసాఫ్ట్ రెండు నెలలు ముందుగానే, మార్చిలోనే విడుదల చేసినది. కాని ఎన్నో సంస్థలు దానిని వాడలేదు.

మన దేశంలోనే 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో ఐదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం దుండగుల తాళం క్రిందకు పోయినవి. రోజుల తరబడి పనిని కాగితాలపై నడపవలసి వచ్చినది. నెట్‌వర్కును తగిన విధంగా భాగాలుగా విభజించకపోవడం వలన ఇది జరిగినదని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపినది. మన భాషలో చెప్పాలంటే అక్కడ బ్లాకు సెక్షన్లు లేవు. ఒక సెక్షనులో పొరపాటు జరిగితే అది ఆ సెక్షనులోనే ఆగాలి. లైను మొత్తం ఒకే సెక్షను అయినప్పుడు స్టేషను మాస్టరు ఎంత జాగరూకుడైనా ఏమి చేయగలడు?

మన కౌంటరు దగ్గర

ఇక మన స్థితిని చూద్దాము. ఇద్దరు చేయవలసిన పనికి ఒక్కరే ఉన్న కార్యాలయాలు ఎన్నో ఉన్నవి. డబ్బు చెల్లింపును ఒకరు నమోదు చేయాలి, మరొకరు సరిచూసి ఆమోదించాలి అన్నది నియమం. రెండవ మనిషి సెలవులో ఉన్నప్పుడు ఆ నియమం ఏమవుతుంది? ఈ వ్యాసకర్త చూసిన ఒక కార్యాలయంలో సూపర్‌వైజరు పాస్‌వర్డు బల్ల అద్దం క్రింద చీటీపై వ్రాసి ఉన్నది. అడిగితే అక్కడి మిత్రుడు బయటి వరుస చూపించి, "ఒకటో తారీకు, పెన్షన్ల రోజు, ఈ ముసలివాళ్ళను రేపు రమ్మనమంటారా?" అన్నాడు. ఆ చీటీ తప్పే. కాని ఆ చీటీని వ్రాయించినది సోమరితనం కాదు, ఖాళీగా ఉన్న కుర్చీ.

పాస్‌వర్డుల సంగతీ అంతే. నిర్ణీత గడువుకొకసారి తప్పనిసరిగా మార్చాలనీ, పెద్ద అక్షరం, అంకె, గుర్తు ఉండాలనీ నిబంధనలు పెడతారు. మనిషి జ్ఞాపకశక్తికి పరిమితి ఉన్నది. చివరి అంకెను ఒకటి పెంచి గడిపేవాడొకడు, గోడ క్యాలెండరు వెనుక వ్రాసుకొనేవాడొకడు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. 2017లోనే, రహస్యం బయటపడినదన్న ఆధారం లేనిదే ఊరకే గడువు పెట్టి పాస్‌వర్డులు మార్పించరాదనీ, పొడవైన పాస్‌వర్డే మేలనీ సూచించినది. ఇన్నేళ్ళ తరువాత కూడా పాత నిబంధననే పట్టుకొని వ్రేలాడుతూ, దానిని పాటించలేని వానిని దోషి అనడం న్యాయమా?

మోసగాళ్ళు ఎప్పటికప్పుడు కొత్త వేషాలు వేస్తున్నారు. పార్సిలు వచ్చినదనీ, చిరునామా సరిచేయుమనీ తపాలా శాఖ పేరుతోనే ప్రజలకు దొంగ సందేశాలు పంపుతున్నారు. మన పేరుతో ప్రజలను మోసగించేవారు పై అధికారి పేరుతో మనలను మోసగించలేరా? రోజుకు వందల సందేశాల మధ్య, వరుసలో నిలబడ్డవారి అరుపుల మధ్య, అసలుకూ నకలుకూ తేడాను కన్నుతోనే ప్రతిసారీ పట్టుకోవాలని ఆశించడం మంచులో సిగ్నలు కనిపించలేదని లోకో పైలట్‌ను నిందించడం వంటిది.

భయం నిజాన్ని దాచుతుంది

శిక్షకు ప్రాధాన్యమిచ్చే విధానంలో మరొక పెద్ద నష్టమున్నది. మోసపు సందేశానికి లోబడిన సంగతి అందరికంటె ముందు తెలిసేది ఆ ఉద్యోగికే. ఆ క్షణంలో అతడు ఫోను తీసి చెప్పినట్లయితే ఒక కంప్యూటరును విడదీసి ప్రమాదాన్ని ఆపవచ్చును. చెబితే సస్పెన్షను తప్పదని తెలిసినవాడు చెప్పడు. ఎవరూ చూడలేదు కదా అని సరిపెట్టుకొంటాడు. దొంగకు కావలసినదీ ఆ మౌనమే. భద్రతా సంఘటన దృష్టికి వచ్చిన 6 గంటలలోగా తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించినది. క్రింది ఉద్యోగి నోరు భయంతో మూతపడిన చోట సంస్థ ఆరు గంటలలో ఏమి చెప్పగలదు?

విమానయాన రంగం ఈ చిక్కును గుర్తించి 1976లోనే అమెరికాలో ఒక ఏర్పాటు చేసుకొన్నది. పైలట్లు, నియంత్రకులు తమ పొరపాట్లనూ, తృటిలో తప్పిన ప్రమాదాలనూ స్వచ్ఛందంగా వ్రాసి పంపవచ్చును. వాటిని స్వీకరించేది శిక్షించే అధికారం గల శాఖ కాదు, అంతరిక్ష సంస్థ నాసా. వ్రాసినవారి పేర్లు తొలగించి, పాఠాన్ని మాత్రం అందరికీ పంచుతారు. అర్ధ శతాబ్దం గడచినా ఆ ఏర్పాటు నేటికీ నడుస్తున్నది. తప్పును చెప్పుకొన్నవానిని కాపాడిన చోటనే తప్పులు తగ్గుతవన్న సత్యానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

మన బాధ్యతను మరువరాదు

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఇట్లయితే ఎవరికీ ఏ బాధ్యతా లేదా, పాస్‌వర్డును డబ్బుకు అమ్ముకొన్నవానికి కూడా క్షమాభిక్షయేనా అని. కాదు. బుద్ధిపూర్వకంగా చేసిన ద్రోహానికి శిక్ష పడవలసినదే. ప్రజల సొమ్ముతో ఆడుకొన్నవానిని ఏ సంఘమూ సమర్థించదు, సమర్థించరాదు. ద్రోహమునకూ పొరపాటుకూ గల భేదాన్ని గుర్తించుమనియే మనం కోరుతున్నది.

మన సభ్యులకు కూడా ఒక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. పాస్‌వర్డును తోటివానికి ఇవ్వడం స్నేహం కాదు. ఇచ్చినవాడు తన మెడకు తానే ఉరి తగిలించుకొంటున్నాడు. యంత్రం దృష్టిలో ఆ పేరుతో జరిగిన ప్రతి పనీ అతడు చేసినదే. యంత్రం నమోదు చేసినదే వేదమని నమ్మితే ఏమి జరుగుతుందో బ్రిటిష్ తపాలా ఉద్యోగుల విషాదం చెబుతున్నది. అక్కడ 1999 నుండి 2015 వరకు, హొరైజన్ అనే కంప్యూటరు లెక్కలలో తేడా చూపిన పాపానికి 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లు దొంగలుగా శిక్షింపబడ్డారు. కొందరు జైళ్ళకు వెళ్ళారు, కొందరు ఆస్తులు పోగొట్టుకొన్నారు. యంత్రంలోనే దోషాలున్నవనీ, శాఖల లెక్కలలోకి దానిని తయారుచేసిన సంస్థవారు దూరం నుండి ప్రవేశించగలిగేవారనీ 2019లో న్యాయస్థానం తేల్చినది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టంతో ఆ శిక్షలను రద్దు చేయవలసి వచ్చినది. యంత్రం తప్పుకే ఇంత జరిగినప్పుడు, మనమే మన తాళంచెవిని పదిమందికి పంచిపెట్టుకొంటే మనలను కాపాడగల సాక్ష్యం ఏది మిగులుతుంది?

కనుక పాస్‌వర్డు అడిగినవారు పై అధికారియైనా సరే, వ్రాతపూర్వకమైన ఆదేశం కోరండి. అనుమానం కలిగిన సందేశం వస్తే అందులోని నంబరుకు కాక మీకు ముందే తెలిసిన నంబరుకు ఫోను చేసి విచారించండి. పొరపాటు జరిగితే ఒక్క నిమిషం కూడా దాచకుండా చెప్పండి. చెప్పినందుకు వేధింపు వస్తే సంఘానికి తెలియజేయండి.

మనం కోరవలసినవి

నిర్వాహకవర్గం ముందు మనం ఉంచవలసిన కోరికలు ఇవి:

1. నమోదు చేసేవారు, సరిచూసేవారు వేరువేరుగా ఉండేలా ఖాళీలను భర్తీ చేయాలి. మనిషి లేని చోట నియమం కాగితానికే పరిమితమని గుర్తించాలి.

2. పాస్‌వర్డుకు తోడు రెండవ రుజువుగా భద్రతా పరికరాన్ని శాఖయే తన ఖర్చుతో ఇవ్వాలి. ఉద్యోగి సొంత ఫోనుపై ఈ భారం మోపరాదు.

3. బయటి నుండి వచ్చిన జాబుకు స్పష్టమైన గుర్తు ఉండాలి. ఎక్కువ మంది వివరాలు గల ఫైలు ఏదైనా రెండవ వ్యక్తి ఆమోదం లేనిదే బయటికి పోకుండా యంత్రమే ఆపాలి.

4. నెట్‌వర్కును సెక్షన్లుగా విభజించి, యంత్రాలను సకాలంలో సరిచేసి, నకళ్ళను విడిగా భద్రపరచి, అవి పనికివస్తున్నవో లేదో పరీక్షించాలి.

5. శిక్షణ డ్యూటీ వేళలలో, ఉద్యోగి భాషలో జరగాలి. పరీక్ష కోసం పంపే దొంగ సందేశాల ఫలితాలను సర్వీసు రికార్డులో చేర్చరాదు.

6. వెంటనే స్వయంగా తెలియజేసిన పొరపాటుపై శిక్ష ఉండరాదు. ఏ వేళనైనా పలికే ఒక ఫోను నంబరు ప్రతి బల్ల మీద ఉండాలి.

7. విచారణ సంఘంలో సాంకేతిక నిపుణునికీ, ఉద్యోగుల ప్రతినిధికీ స్థానం ఉండాలి. యంత్రం నమోదు ఒక్కటే సాక్ష్యం కారాదు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కూడా, తగిన రక్షణలు ఏర్పరచని సంస్థపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు అవకాశం కల్పించినది. చట్టం బాధ్యతను ఎక్కడ ఉంచినదో సర్క్యులరు వ్రాసేవారు కూడా అక్కడనే ఉంచాలి.

ఆర్మా పట్టాలపై మరణించిన పిల్లల మూలంగా ఇంటర్‌లాకింగు చట్టమైనది. అటువంటి మూల్యం మరొకసారి చెల్లించే వరకు ఆగనక్కరలేదు. వచ్చే బ్రాంచి సమావేశంలో ఈ ఏడు అంశాలపై చర్చించి, మీ కార్యాలయంలో ఏ కుర్చీ ఖాళీగా ఉన్నదో, ఏ చీటీ ఏ అద్దం క్రింద ఉన్నదో నిజాయితీగా వ్రాసుకొని, తీర్మానంతో సహా డివిజనల్ కార్యదర్శికి పంపండి. ఆ చీటీని మనమే తీసివేద్దాము. ఆ కుర్చీని నింపమని వారిని అడుగుదాము.